మాట ఇచ్చే మేడ

జెనీవా నగరంలో ట్రాము దిగి తల యెత్తేసరికి మొట్టమొదట కనిపించింది ఒక కుర్చీ. మామూలు కుర్చీ కాదు. పన్నెండు మీటర్ల యెత్తు, అయిదున్నర టన్నుల కొయ్య. దాని పక్కన మనుషులు చీమల్లా ఉన్నారు. పోనీ గొప్పగా ఉన్నదిగదా అనుకుంటే, దానికి మూడే కాళ్ళు. నాలుగో కాలు సగంలో చీలి, పుడకలు పుడకలుగా విరిగి వేలాడుతున్నది.

మా ఆవిడ కొంచెంసేపు దాన్ని యెగాదిగా చూచి, "ఇంత డబ్బున్న దేశం! కుర్చీకి ఒక కాలు చేయించలేకపోయారా?" అన్నది.

మా అల్లుడు నవ్వి అసలు సంగతి చెప్పాడు. అది యుద్ధాలలో నేలలో పాతిపెట్టే మందుపాతరల వల్ల కాళ్ళు పోగొట్టుకొన్నవారి గుర్తుగా నిలబెట్టిన కుర్చీ. డానియెల్ బెర్సే అనే స్విస్ కళాకారుడు రూపం కల్పించగా 1997లో అక్కడ పెట్టారు. మందుపాతరలను నిషేధించే ఒప్పందం మీద సంతకాలయ్యేదాకా కొద్ది నెలలపాటు ఉంచుదామనుకొన్నారట. ఆ యేడు డిసెంబరులో సంతకాలయ్యాయి, కాని కుర్చీని తీసివేయడానికి యెవరికీ మనసొప్పలేదు. ఎదురుగా సమితి భవనంలోకి వెళ్ళే ప్రతి రాయబారీ ఆ విరిగిన కాలును చూచి మరీ వెళ్ళాలి.

మా ఆవిడ మరి మాట్లాడలేదు. నాకు మాత్రం ఆ కుర్చీ చూడగానే వేరే సంగతి జ్ఞాపకం వచ్చింది. దుబాసీ వృత్తిలో ఉన్నవాడికి కుర్చీ అంటే ఒక గండం. ఇంగ్లీషువాళ్ళ సభలలో అధ్యక్షుణ్ణి 'చెయిర్' అంటారు. 'చెయిర్‌కు కృతజ్ఞతలు', 'చెయిర్ నిర్ణయం' అని ఒకటే గొడవ. కొత్తగా రష్యన్ నేర్చుకొన్నవాడు తొందరపడి 'స్తూల్' అన్నాడా, కొంప మునిగిందన్నమాటే. 'స్తూల్' అంటే నాలుగు కాళ్ళ కొయ్య కుర్చీ తప్ప ఇంకేమీ కాదు. అధ్యక్షుడు 'ప్రెద్‌సెదాతెల్'. ముందు కూర్చున్నవాడు అని ఆ మాటలోని అర్థం.

నేను ఒకప్పుడు కొంతకాలం అలాంటి దుబాసీనే. ఇంగ్లీషులో జరిగే ఉభయపక్షాల సమావేశాలలో మాటలను రష్యన్‌లోకి మార్చడం నా పని. ఆ సంగతి తరువాత చెబుతాను. ఆ మాటలన్నిటికీ పుట్టిల్లు లాంటి ఈ మేడను ఒక్కసారి చూడాలని చాలా యేళ్ళుగా కోరిక. ఉద్యోగరీత్యా మా అమ్మాయీ అల్లుడూ జెనీవాలో ఉంటూండటం వల్ల అది తీరింది.

పాస్‌పోర్టులు చూపించి, సంచులు పరీక్ష చేయించుకొని లోపలికి అడుగు పెట్టాము. ఈ భవనం పేరు 'పాలే దె నాసియోఁ', అంటే దేశాల ప్రాసాదం. చుట్టూ అరియానా తోట. గుస్తావ్ రెవిల్యో అనే ధనికుడు 1890లో మరణిస్తూ ఈ తోటను నగరానికి రాసియిచ్చారు. తోటలో నెమళ్ళు స్వేచ్ఛగా తిరగాలన్నది ఆయన పెట్టిన షరతులలో ఒకటని చెబుతారు. ఆ షరతు పుణ్యమా అని ఇప్పటికీ అక్కడ నెమళ్ళున్నాయి. రాయబారుల కార్లు బారులు తీరినచోట ఒక మగ నెమలి పింఛం ఈడ్చుకుంటూ దారికి అడ్డంగా నడిచిపోతుంటే, డ్రైవరు హారన్ మోగించకుండా ఆగి కూర్చున్నాడు.

1929లో నానాజాతి సమితి ఈ మేడకు శంకుస్థాపన చేసింది. మేడ పూర్తయి పెయింటు వాసన పోకముందే సమితి పడిపోవడం మొదలుపెట్టింది. రష్యా 1934లో సమితిలో చేరింది. ఫిన్లండు మీద దాడి చేసినందుకు 1939 డిసెంబరులో బహిష్కృతమైంది. ఆ అయిదేళ్ళలో కూడా రష్యన్ భాషకు ఈ మేడలో ఆసనం దొరకలేదు. అప్పటి అధికార భాషలు రెండే: ఫ్రెంచి, ఇంగ్లీషు. 1945లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఐక్యరాజ్యసమితి చార్టరు రాసినప్పుడు గాని రష్యన్‌కు సమాన ప్రతిపత్తి రాలేదు. ఆ చార్టరును చైనీ, ఫ్రెంచి, రష్యన్, ఇంగ్లీషు, స్పానిష్ భాషలు అయిదింటిలో రాసి, అయిదూ సమానంగా ప్రమాణమే అని అందులోనే చెప్పుకొన్నారు. అరబిక్ 1973లో వచ్చి చేరింది. ఇప్పుడు మొత్తం ఆరు.

మాకు దారి చూపించినావిడను గురించి చెప్పాలి. మా అమ్మాయి ఉండే భవనంలోనే కింది అంతస్తులో ఉంటున్నది. డెబ్బై దాటిన రష్యన్ మహిళ. మాస్కోలో మోరిస్ థోరెజ్ పేరు పెట్టిన విదేశీ భాషల విద్యాలయంలో చదివి, ఈ మేడలోని రష్యన్ గాజుగదిలో చాలాకాలం పని చేసి విశ్రాంతి తీసుకున్నది. తన పేరు పత్రికలో రాయవద్దన్నది, గనుక రాయడం లేదు. నాకు రష్యన్ వచ్చునని తెలియగానే ముందు మా నాన్నగారి పేరు అడిగింది. రష్యన్లలో మర్యాదగా పిలవాలంటే తండ్రి పేరు కలిపి పిలవాలి. మన 'గారు' చేసే పని వాళ్ళకు తండ్రి పేరు చేస్తుంది. మా నాన్నగారి పేరుకు 'ఓవిచ్' తగిలించి ఆవిడ నన్ను పిలిచేసరికి మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

ముందుగా కౌన్సిలు గది చూపించింది. గోడలమీద, కప్పుమీద స్పెయిన్ చిత్రకారుడు జోసే మరియా సెర్ట్ బంగారు వన్నెలో, గోధుమవన్నెలో గీసిన బ్రహ్మాండమైన చిత్రాలు. కప్పు మధ్య అయిదు ఖండాలకు గుర్తుగా అయిదుగురు మహాకాయులు చేతులు పట్టుకొని ఉంటారు. ఆ చేతుల కిందనే నిరాయుధీకరణ మహాసభ జరుగుతుంది.

నా కళ్ళు మాత్రం బొమ్మల మీద నిలవలేదు. గోడవార యెత్తున వరుసగా కనిపించే గాజుగదుల మీద నిలిచాయి. భాషకొక గది. రష్యన్ గదిలో ఇద్దరు కూర్చుంటారు. అరగంట ఒకరు, అరగంట మరొకరు. అంతకుమించి ఏ బుర్రా నిలవదు. చెవితో ఇంగ్లీషు వింటూ ఉండగానే నోటితో రష్యన్ చెబుతూ పోవాలి. చైనావారు మాట్లాడితే చైనీగది దాన్ని ఇంగ్లీషులోనో ఫ్రెంచిలోనో చెబుతుంది, రష్యన్ గది దాన్ని అందుకొని రష్యన్ చేస్తుంది. చేతులు మారిన మాట అన్నమాట.

ఈ పద్ధతి లోకానికంతా తెలిసింది 1945 నవంబరులో నూరెంబర్గులో నాజీ నాయకుల విచారణ ప్రారంభమైనప్పుడు. అక్కడ ఇంగ్లీషు, ఫ్రెంచి, రష్యన్, జర్మన్ నాలుగూ ఒకేసారి నడిచాయి. మాట్లాడేవాడు మరీ వేగంగా పోతుంటే పసుపుదీపం వెలిగేది, నెమ్మదించమని. దుబాసీ అందుకోలేకపోయినా, యంత్రం చెడినా యెర్రదీపం వెలిగేది. అప్పుడు న్యాయస్థానం యావత్తూ ఆగేది.

"మా కాలానికి ఆ దీపాలు లేవు. మేమే పసుపుదీపం, మేమే యెర్రదీపం," అన్నదావిడ నవ్వుతూ.

ఆవిడ పలుకుబడి వల్ల ఒక సభ జరుగుతుంటే వెనుక వరుసలో కూర్చుని వినే అవకాశం దొరికింది. చెవికి ఫోను తగిలించుకొని, మీట ఒకవైపు తిప్పితే ఇంగ్లీషు, మరోవైపు తిప్పితే రష్యన్. నేను చిన్నపిల్లవాడికి కొత్త రేడియో దొరికినట్లు అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాను.

"విశిష్టులైన ప్రతినిధికి ఫ్లోర్ ఇస్తున్నాను," అన్నాడు అధ్యక్షుడు ఇంగ్లీషులో. మీట తిప్పాను. "ప్రెదస్తావ్‌ల్యాయు స్లోవ," అన్నది రష్యన్ గది. 'స్లోవ' అంటే మాట. ఇంగ్లీషువాడు నేల ఇస్తాడు, రష్యావాడు మాట ఇస్తాడు! ఇంకొక విచిత్రం ఉన్నది. మనం 'మాట ఇచ్చాను' అంటే ఏమిటి? వాగ్దానం చేశాననే గదా. రష్యన్‌లోనూ అంతే. 'దాయు స్లోవ' అంటే, 'మాట ఇస్తున్నాను, తప్పను' అని. మాట్లాడటానికి అవకాశమిచ్చినా, వాగ్దానం చేసినా వాళ్ళకు ఒకటే మాట.

"అయితే ఈ మేడలో పొద్దస్తమానం మాట ఇస్తూనే ఉంటారన్నమాట," అన్నది మా ఆవిడ.

"ఇస్తూనే ఉంటారు."

"నిలబెట్టుకుంటారా?"

ఈ ప్రశ్నను నేను రష్యన్ చేసి ఆవిడకు చెప్పాను. ఆవిడ ఒక నిమిషం ఊరుకొని, "అది మా గది పని కాదు," అన్నది.

సభ సాగుతున్నది. ఒక్కొక్క వాక్యమే జాగ్రత్తగా వినసాగాను. ఇంగ్లీషులో 'డిస్టింగ్విష్డ్' అన్నచోటల్లా రష్యన్ గది 'ఉవజాయెమి' అంటుంది, గౌరవనీయులైన అని అర్థం. నిఘంటువు చూచి 'వీదాయుష్షీస్యా' అన్నారంటే 'అసాధారణ ప్రజ్ఞావంతులైన' అన్నట్లు పొగడ్త అయి కూర్చుంటుంది. 'అధ్యక్షులకు చెప్పిన దయగల మాటలకు కృతజ్ఞతలు' అన్నదాన్ని రష్యన్‌లో 'అధ్యక్షుని చిరునామాకు చెప్పిన మాటలు' అంటారు. మాటలు టపాలో వేసినట్లు! 'పాయింట్ ఆఫ్ ఆర్డర్' వస్తే 'సభ నడిపే క్రమాన్ని గురించి' అని విడమరుస్తారు. 'అభ్యంతరాలు లేవు గనుక అలాగే నిర్ణయమైనది' అని అధ్యక్షుడు సుత్తి కొట్టేసరికి రష్యన్ గదిలో ఆ వాక్యం అప్పటికే పూర్తయిపోయి ఉంటుంది.

"ఈ పడికట్టు మాటలు మాకు ప్రాణం. అవి వచ్చినప్పుడే ఊపిరి తీసుకొంటాము," అన్నదావిడ.

మన పెద్దలు ఉత్తరాలు రాసే పద్ధతి జ్ఞాపకం వచ్చింది. 'ఉభయకుశలోపరి' అని మొదలుపెట్టి, 'చిత్తగించవలెను' అని ముగించేవారు. అసలు సంగతి మధ్యలో రెండు ముక్కలుండేది. కాని ఆ మొదలూ చివరా లేకుండా ఉత్తరం వస్తే, ఇంట్లోవాళ్ళు ఏమి ముంచుకొచ్చిందోనని కంగారు పడేవారు.

సభ ముగిశాక తోటలో ఒక బల్లమీద కూర్చున్నాము. దూరంగా సరస్సు, దాని అవతల మంచుకొండలు. దుబాసీలు ఇద్దరు కలిస్తే ఏమి మాట్లాడుకొంటారు? వంటవాళ్ళు మాడిన కూరలను గురించి మాట్లాడుకొన్నట్లు, తప్పిన మాటలను గురించే.

మాడిన కూరల్లోకెల్లా పేరుమోసినది ఈ ఊళ్ళోనే వడ్డించారు. 2009 మార్చి 6న అమెరికా విదేశాంగమంత్రి హిల్లరీ క్లింటన్, రష్యా విదేశాంగమంత్రి లవ్రోవ్ జెనీవాలో కలిశారు. పాత తగాదాలు పక్కనపెట్టి సంబంధాలు మళ్ళీ మొదటినుంచి ప్రారంభిద్దామనే గుర్తుగా ఆమె ఆయనకు ఒక యెర్ర మీట బహూకరించారు. దానిమీద ఇంగ్లీషులో 'రీసెట్' అనీ, రష్యన్‌లో 'పెరెగ్రూజ్క' అనీ ఉన్నది. ఉండవలసినది 'పెరెజగ్రూజ్క'. మధ్యలో 'జ' జారిపోయింది. జారిపోగా మిగిలిన మాటకు అర్థం, మితిమీరిన బరువు! లవ్రోవ్ అక్కడికక్కడే తప్పు చెప్పారు, ఇద్దరూ నవ్వుకున్నారు. ఒక్క అక్షరం.

అక్షరం కూడా అక్కరలేదు, ఒక్కొక్కప్పుడు లేని మాటే తగాదా పెడుతుంది. 1967 నవంబరు 22న భద్రతామండలి చేసిన 242వ తీర్మానం సంగతి చూడండి. ఆ యేటి యుద్ధంలో ఆక్రమించిన ప్రాంతాలనుంచి ఇజ్రాయెల్ సేనలు వెళ్ళిపోవాలని అందులో ఉన్నది. ఇంగ్లీషు ప్రతిలో 'ప్రాంతాలు' అన్న మాటకు ముందు 'ది' లేదు. కనుక అన్ని ప్రాంతాలూ అని కాదు అన్నారు కొందరు. ఫ్రెంచి ప్రతిని చదివితే అన్ని ప్రాంతాలూ అనే అర్థం వస్తుందన్నారు మరికొందరు. మరి రష్యన్ ప్రతి? రష్యన్‌లో అసలు 'ది' అన్నదే లేదు. మన తెలుగులోనూ లేదు. ఇంగ్లీషువాళ్ళు దశాబ్దాల తరబడి వాదులాడుకొన్న మాట మన రెండు భాషలలోనూ రాయడానికే వీలులేదు! ఈ మాట నేనంటే ఆవిడ, "అయితే మీరూ మేమూ ఒకే గదిలో కూర్చోవచ్చు," అన్నది.

లేని మాటలు అట్లా ఉంటే, ఒకే మాట రెండు పనులు చేసేచోట ఇంకొక చిక్కు. ఇంగ్లీషులో 'సేఫ్టీ' వేరు, 'సెక్యూరిటీ' వేరు. అణుకేంద్రం దానంతటది పేలకుండా చూచుకోవడం మొదటిది, దొంగలు పడకుండా చూచుకోవడం రెండవది. రష్యన్‌లో రెండూ 'బెజపాస్నస్త్'. మనకూ రెండూ 'భద్రత'. అందుకని రెండవదాన్ని చెప్పవలసివచ్చినప్పుడు వాళ్ళు 'భౌతిక' అనే విశేషణం తగిలించి తేడా చూపిస్తారు.

"మీకు తృప్తినిచ్చిన వాక్యం ఏది?" అని అడిగాను.

ఆవిడ వెంటనే 1985 అన్నది. ఆ నవంబరులో రీగన్, గోర్బచేవ్ మొదటిసారి కలుసుకొన్నది ఈ జెనీవాలోనే. అణుయుద్ధంలో గెలుపు ఉండదు, అటువంటి యుద్ధం యెన్నడూ చేయకూడదు అని ఇద్దరూ కలిసి ప్రకటించారు. ఇంగ్లీషు ప్రతిలో గెలుపు మాట ముందు, చేయకూడదన్న మాట వెనుక. రష్యన్ ప్రతిలో వరుస తిరగబడింది: యెన్నడూ చేయకూడదన్నది ముందు, విజేతలుండరన్నది వెనుక. అంతేకాదు, 'చేయకూడదు' అన్నచోట రష్యన్‌లో ఉన్న క్రియకు కట్టు విప్పి వదలడమని అర్థం. యుద్ధం కట్టేసిన ఆంబోతు అయినట్లు, విప్పవద్దన్నారు. "ఇంగ్లీషులో అది సిద్ధాంతం లాగుంటుంది, రష్యన్‌లో అమ్మ హెచ్చరించినట్లుంటుంది," అన్నదావిడ. 2021 జూన్‌లో బైడెన్, పుతిన్ ఈ ఊళ్ళోనే కలిసినప్పుడు మళ్ళీ ఆ వాక్యాన్నే చెప్పుకొన్నారు. మరుసటి సంవత్సరం ఫిబ్రవరిలో రష్యా సేనలు ఉక్రెయిన్‌లోకి ప్రవేశించాయి. ఈ సంగతి మా ఇద్దరిలో ఎవరమూ పైకి అనలేదు. ఆవిడ చాలాసేపు సరస్సు వంక చూస్తూ కూర్చున్నది.

మాట మార్చడానికి, "మరి మిమ్మల్ని భయపెట్టిన వాక్యం?" అన్నాను.

"భయపెట్టేవి పెద్ద వాక్యాలు కావు. సభలో చప్పుడు లేకుండా వెళ్ళిపోయే చిన్న ముక్కలు. 'టేక్స్ నోట్' వంటివి."

నా గుండె ఒక్కసారి ఝల్లుమన్నది. నలభై యేళ్ళుగా ఎవరికీ చెప్పని సంగతి అక్కడ బయటపడింది.

ముందు ఆ ముక్క సంగతి చెప్పాలి. సభ ఒక కోరికను ఆమోదించవచ్చు, తిరస్కరించవచ్చు. రెండూ కాకుండా 'గమనించింది' అని రాసుకోవచ్చు. అదే 'టేక్స్ నోట్'. విన్నాము, కాగితం మీద పెట్టాము, అంతకుమించి పూచీ లేదు. మన ఇళ్ళలో ఇది అందరికీ తెలిసిన భాషే. పెళ్ళిచూపులు అయ్యాక మగపెళ్ళివారు లేచి, 'ఇంటికి వెళ్ళి ఉత్తరం రాస్తాము' అంటారు చూడండి, అది. ఆ మాట విని పందిరి వేయించేవాడు ఉండడు. రష్యన్‌లో దీన్ని 'ప్రినిమాత్ క స్వేదెనియు' అంటారు. 'ప్రినిమాత్' అంటే స్వీకరించడం, 'క స్వేదెనియు' అంటే తెలిసికోవడం కొరకు. వెరసి, తెలిసికోవడం కొరకు మాత్రమే స్వీకరించడం.

1984లో నేను హైదరాబాదులో రష్యన్ చదువు ముగించి, సోవియట్ సహాయంతో నడుస్తున్న ఒక నిర్మాణంలో తాత్కాలిక దుబాసీగా చేరాను. నెలకొకసారి రెండు పక్షాలవారూ కూర్చునేవారు. రాయబార కార్యాలయాల మర్యాదలన్నీ ఆ చిన్న గదిలోనూ జరిగేవి. ఇంగ్లీషులో మినిట్స్ రాసేవారు, వాటిని నేను రష్యన్‌లో రాసేవాణ్ణి. రెండింటి మీద సంతకాలు.

అక్కడ ఒక పెద్ద వయసు రష్యన్ ఇంజనీరు ఉండేవాడు. ఒంటరిగా ఒక గదిలో ఉంటూ, సాయంకాలాలు నాకు ఉచ్చారణ దిద్దేవాడు. ఆయన భార్య తమ ఊళ్ళో బడిపంతులమ్మ. కుటుంబంతో ఉండటానికి క్వార్టర్సు ఇస్తే ఆమెను పిలిపించుకొంటానని ఒక సమావేశంలో అడిగాడు. 'సోవియట్ పక్షంవారి కోరికను భారతపక్షం గమనించింది' అని ఇంగ్లీషులో రాశారు. ఆ రాత్రి పది గంటలకు రష్యన్ ప్రతి రాస్తూ, ఈ 'తెలిసికోవడం కొరకు' అన్నది ఏదో దఫ్తరు అలంకారమనుకొని, వాక్యం తేలికగా ఉంటుందని కొట్టివేశాను. 'క స్వేదెనియు', రెండు మాటలు. మిగిలిన వాక్యం ఏమయింది? 'భారతపక్షం కోరికను స్వీకరించింది' అయింది. సంతకాలయ్యాయి.

వారం తిరిగేసరికి వేరే పనిమీద ఒక పాత ఫైలు తిరగవేస్తుంటే అదే వాక్యం నా ముందువాడు రాసినది కనిపించింది. ఆ రెండు మాటలతో సహా. నాకు చెమటలు పట్టాయి. వెంటనే వెళ్ళి చెప్పవలసింది. కాని నా ఉద్యోగం ఖాయం కాలేదు. పెళ్ళయి ఆరు నెలలు. ఎట్లాగూ క్వార్టర్సు ఇస్తారులే, ఎవరు చూడవచ్చారు అని మనసుకు సర్దిచెప్పుకొని ఫైలు మూసేశాను.

ఆయన ఆ కాగితాన్ని నమ్మి ఇంటికి ఉత్తరం రాశాడు. ఆమె బడిలో ఉద్యోగం వదలుకొని ప్రయాణానికి సిద్ధమైంది. మూడో సమావేశంలో క్వార్టర్సు మాట అడిగితే, మేము గమనించామన్నామే గాని ఇస్తామనలేదే అన్నారు ఇటువైపు. కాగితాలు తీసి పక్కపక్కన పెట్టి చూచారు. గదిలో అందరూ నావైపు తిరిగారు. ఇంటిభాగం దొరకడానికి మరి ఎనిమిది నెలలు పట్టింది. ఆ యెనిమిది నెలలూ ఆమెకు అటు బడీ లేదు, ఇటు ప్రయాణమూ లేదు.

ఆయన నన్ను ఒక్క పరుషమైన మాట కూడా అనలేదు. సాయంకాలం యథాప్రకారం టీ పోసి, "రెండు మాటలే గదా, కుర్రవాడివి, నేర్చుకొంటావు," అన్నాడు. నేను తెలియక చేశాననుకొన్నాడాయన. నాకు వారంలోనే తెలిసిందని చెప్పలేదు. నోటిదాకా వచ్చింది, టీతోపాటు మింగేశాను. తరువాత ఆయన సెలవు తీసుకొని వెళ్ళిపోయినప్పుడు కూడా చెప్పలేదు.

ఇదంతా నేను రష్యన్‌లోనే చెప్పాను. ముగించాక మళ్ళీ మొదటినుంచి తెలుగులో మా ఆవిడకు చెప్పాను. నా తప్పుకు నేనే దుబాసీనైనాను.

ఆ రష్యన్ మహిళ ఓదార్చలేదు, మందలించలేదు. "గాజుగదిలో మాకొక నియమం ఉన్నది. తప్పు దొర్లిందని తెలిసిన క్షణాన, వక్త ఎక్కడున్నా సరే, 'అనువాదకుని సవరణ' అని పైకి చెప్పి సరిచేయాలి. సభ అంతా వింటుంది. చెవులు యెర్రబడతాయి. అయినా చెప్పాలి. చెప్పకపోతే ఆ తప్పు వక్తది అయిపోతుంది," అన్నది.

"ఆలస్యమైతే?"

"ఆలస్యంగానే చెప్పాలి."

చీకటి పడుతుండగా మళ్ళీ ట్రాము దగ్గరికి వచ్చాము. ఆ కుర్చీ మూడు కాళ్ళమీద అట్లాగే నిలబడి ఉన్నది. మా ఆవిడ చాలాసేపటికి నోరు విప్పింది.

"పెళ్ళయి ఆరు నెలలంటే, నేను కొత్తగా కాపరానికి వచ్చినప్పుడు. ఆ రోజుల్లో మీరు అన్నం దగ్గర పరధ్యానంగా ఉంటే నా వంట బాగులేదేమో అనుకొనేదాన్ని."

"వంట బాగానే ఉండేది," అన్నాను.

"ఆ మాట అప్పుడే చెప్పవలసింది."

ఆ ఇంజనీరు ఇప్పుడు ఉండే వయసు కాదు. ఆయన భార్య ఉన్నదో లేదో, ఉంటే ఏ ఊళ్ళో ఉన్నదో నాకు తెలియదు. ఈ పత్రిక వాళ్ళ చేతికి పోదు, పోయినా వాళ్ళకు తెలుగు రాదు. అయినా మేడ నియమం మేడ నియమమే గనుక రాస్తున్నాను.

అనువాదకుని సవరణ: 1984లో ఒకనాటి మినిట్స్‌లో, 'స్వీకరించింది' అని ఉన్నచోట, 'తెలిసికోవడం కొరకు స్వీకరించింది' అని చదువుకోవలెను. తప్పు అనువాదకునిది. ఆ సంగతి అతనికి వారంరోజులలోనే తెలుసు.